వీధి అరుగు

ఇంటికిని వీధికిని నడుమ తెలుగువారు కట్టుకొన్న చిన్న తిన్నె అరుగు. అది గృహస్థుని సొత్తే. అయినను దానిపై కూర్చుండుటకు అతని సెలవు నడుగువారు అరుదు. తలుపు తట్టి లోనికి పోవలెనన్న ఏదో పని ఉండవలెను. అరుగుపై చతికిలబడుటకు పని అక్కరలేదు. దాని గొప్పతన మంతయు ఈ చిన్న భేదములోనే ఉన్నది.

పోర్చుగీసు మాటనుండి పుట్టిన ‘పయాల్’ అను పేరుతో ఆంగ్లేయులు అరుగును తమ కాగితముల కెక్కించిరి. దానిమీద నడచిన చదువులను పయాల్ బడులనిరి. మనవారికి అవి వీధిబడులు. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో రాజధానిలోని పాఠశాలల లెక్క తీయింపగా 12,498 తేలినవి. నాటి బడులకు ప్రత్యేక భవనములు అరుదు. ఎవరో ఒక గృహస్థుని అరుగే పాఠశాల, దానిపై పోసిన ఇసుకయే పలక.

ఉదయము కూరగాయల గంప దిగునది అరుగుమీదనే. బేరము ఒక యింటిదైనను మాటలు నాలుగిండ్లవి. మధ్యాహ్నము వామనగుంటలు, గవ్వలు. రాతి పలకపై చెక్కిన గీతలలో పులిజూదము. సాయంకాలము ఒకరు పత్రిక చదువగా పదిమంది విందురు. వేసవి రాత్రులలో పడకలును అక్కడనే. ఏ యింటికి చుట్టము వచ్చినను, ఏ పిల్లవాడు దారి తప్పినను మొదట తెలియునది అరుగులకే. వీధికి రక్షణ పోలీసులకంటె వీధిపై నిలిచిన కన్నులవలననే కలుగునని అమెరికాలో జేన్ జేకబ్స్ 1961లో ఒక గ్రంథమే వ్రాసినది. మన అవ్వలకు ఆ గ్రంథముతో పని లేకపోయినది.

అయితే అరుగును పొగడిన వారిలో పెక్కురు దానిపై కూర్చుండ గలిగినవారే. ఆ అరుగుకు మట్టి మోసిన మాలమాదిగలు ఆ వీధిలో మాటాడవలసి వచ్చినపుడు దూరమున నిలిచిరి. ‘మా వీధి’ యను మాట వారి నోట ఎట్లు రాగలదు? తరువాత వచ్చిన టీ దుకాణపు బల్ల కొంత మేలు చేసినది. కాని అక్కడ సైతము పలు ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడచినది. అరుగు పోయెనని కన్నీరు పెట్టువారు ఈ సంగతిని తరచుగా మరతురు.

అరుగు పోయినది మాత్రము నిజము. రోడ్లు వెడల్పు చేయుటలో కొన్ని పోయినవి; మురుగు కాలువలకు కొన్ని. ఇనుప కటకటాలు బిగించి కొన్నిటిని ఇంటివారే లోపల కలుపుకొనిరి. మోటారుసైకిలు ఇంటిలోని కెక్కుటకు అరుగును నడిమికి కొట్టి వాలుదారి పోసిన ఇండ్లు ఏ పట్టణమున చూచినను కానవచ్చును. బండ్లు పెరిగినకొలది ఇరుగుపొరుగు తగ్గునని చూపిన పరిశీలన ఒకటి కలదు. 1969లో డోనాల్డ్ ఆపిల్‌యార్డ్ సాన్ ఫ్రాన్సిస్కోలో మూడు వీధులను పరిశీలించెను. దినమునకు సుమారు 2,000 బండ్లు పోవు వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో సగటున ముగ్గురు మిత్రులు. సుమారు 16,000 బండ్లు పోవు వీధిలో 0.9, అనగా నిండుగా ఒక్కరైనను లేరు. ‘మీ యిల్లు ఎంతవరకు?’ అని అడిగినచో మొదటి వీధివారు వీధి నంతను గీసి చూపిరి; రెండవవారు తమ కట్టడమునే చూపిరి.

నేటి అపార్టుమెంటులలో నేలమట్టము కార్లది. లిఫ్టులో ఎదురుపడినవారు అంకెల వంక చూచుచు నిలుతురు. పైకప్పుపై వడియములు ఎండబెట్టు దినములలో మాత్రము స్త్రీలకు కొంత మాటామంతి దొరకును. వీధి కుళాయి దగ్గర కలహించినవారికి కూడ ఒకరి పేరు ఒకరికి తెలిసి యుండెడిది; ఇక్కడ ఫ్లాటు నంబరు తెలియును. కొన్నిచోట్ల సాయంకాలము అయిదు గంటలకు వృద్ధులు తమ తమ ప్లాస్టిక్ కుర్చీలను లిఫ్టులో క్రిందికి తెచ్చి, గేటు ప్రక్క కాపలాదారుని స్టూలు చుట్టు వేసికొందురు. కార్లు తిరిగి వచ్చువేళకు వానిని ఎత్తుకొని మరల పైకి పోదురు.