పటం మీద రంగులు సరే, నీటి దారి ఏదీ?

మనం ఉంటున్న హోసూరులోనో, బళ్ళారిలోనో, యానాంలోనో కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటపెడితే ముందుగా వెతికేది మన ఇల్లు ఏ రంగులో పడిందనే. పసుపు అయితే నివాస ప్రాంతం, పచ్చ అయితే పార్కు. ఆ రంగుల వెనుక జీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. రోడ్లు, చెరువులు, నేల వాలు, సర్వే నంబర్లను పొరలు పొరలుగా పేర్చి చూపడం దాని పని.

ఈ పొరల పద్ధతికి పేరు తెచ్చినవారు తోటలు, నేలల రూపకల్పన చేసే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులే. ఇయాన్ మెక్‌హార్గ్ 1969లో 'డిజైన్ విత్ నేచర్' పుస్తకంలో, పారదర్శక పటాలను ఒకదానిపై ఒకటి పరిచి ఎక్కడ కట్టకూడదో ముందుగా తేల్చే పద్ధతిని వివరించారు. అదే ఏడాది జాక్ డేంజర్‌మండ్ తన భార్య లారాతో కలిసి ఎస్రీ సంస్థను స్థాపించారు. ఆయన చదివిందీ ఆ విద్యే.

తర్వాత ఈ సాఫ్ట్‌వేర్ పన్నుల లెక్కలకు, పైపులైన్లకు, భూమి రికార్డులకు అలవాటు పడింది. ఉన్నదాన్ని చక్కగా చూపుతుంది. ప్లానరుకు కావలసింది మాత్రం, 'ఇక్కడ రోడ్డు వేస్తే వాన నీరు ఎటు పోతుంది?' అనే ప్రశ్నకు జవాబు. తెర మీద గీత గీయగానే ఫలితం కనబడాలి. హార్వర్డ్ ఆచార్యుడు కార్ల్ స్టైనిట్జ్ వంటివారు ముందుకు తెచ్చిన 'జియోడిజైన్' ఉద్దేశం ఇదే. ఇది మొదటి మెరుగుదల.

రెండోది, పటం తన హద్దులను తానే ఒప్పుకోవాలి. 2000లో అంతరిక్ష నౌక నుంచి సేకరించిన ఎస్ఆర్‌టీఎం ఎత్తుల లెక్కలో ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. ఎత్తులో కొన్ని మీటర్ల తేడా రావచ్చు. గోదావరి పక్కనున్న యానాం లాంటి చదునైన చోట ఒక్క మీటరు తేడాతోనే ఇల్లు మునుగుతుందో లేదో తేలుతుంది. 2022 జూలై వరదలో యానాం వీధుల్లోకి నీళ్ళొచ్చాయి. ఏ పొర ఎంత నమ్మదగినదో పటం మీదే కనబడాలి. పాలన పుదుచ్చేరిది, చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. పటాన్ని సరిహద్దు దగ్గర కత్తిరిస్తే పైనుంచి వచ్చే నీటి లెక్క పోతుంది. హోసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయానికి నీళ్ళు కర్ణాటకలోని నంది కొండల వైపు నుంచే వస్తాయి.

మూడోది పేర్లు. మనం అలుగు అనేదాన్ని కన్నడంలో కోడి అంటారు, తమిళంలో కలింగు అంటారు. చెరువు నిండితే మిగులు నీరు ఏ దారిన పోతుందో చెప్పే మాట అది. పటంలో ఆ పేరు లేకపోతే ఆ దారి ఖాళీ స్థలంగా కనబడుతుంది, దాని మీద లేఅవుటు లేస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒకే చోటుకు తెలుగు, కన్నడ, తమిళ పేర్లన్నీ చేర్చవచ్చు. 2002లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ వాటిని పటంపై చూపగలదు.

ముసాయిదాపై అభ్యంతరాలు చెప్పే హక్కు కర్ణాటక 1961 చట్టంలోనూ, తమిళనాడు 1971 చట్టంలోనూ ఉంది. గడువులోగా సర్వే నంబరుతో రాతపూర్వకంగా మూడు అడుగుదాం. ఎత్తుల లెక్క ఎక్కడిది? సరిహద్దు అవతలి నీటిని లెక్కలోకి తీసుకున్నారా? మన చెరువు అలుగు పటంలో ఉందా? ఆ అలుగు ఎక్కడుందో ఇంట్లో పెద్దలను ఇప్పుడే అడిగి రాసిపెట్టుకుంటే మంచిది.