కోవిడ్-19 కాలంలో విహార నౌకా యాత్రల రద్దు, సొమ్ము వాపసు

కోవిడ్-19 మహమ్మారి కారణంగా 2020 నుండి 2022 వరకు ప్రపంచంలోని అనేక విహార నౌకా యాత్రలు రద్దయ్యాయి. వీటిని వ్యవహారంలో క్రూయిజ్ యాత్రలు అంటారు. ముందుగా చెల్లించిన టికెట్టు సొమ్మును తిరిగి పొందడం యాత్రికులకు పెద్ద సమస్య అయింది. ఇదే కాలంలో ప్రయాణానికి ముందు చేయించుకోవలసిన కోవిడ్ పరీక్షల నిబంధనలు పలుమార్లు మారాయి. యాత్రను నౌకా కంపెనీ రద్దు చేసిందా, యాత్రికుడే మానుకున్నాడా అన్న ఒక్క విషయం మీదనే వాపసు హక్కు ప్రధానంగా ఆధారపడింది. నిబంధన మారినందువల్ల ప్రయాణం మానుకోవలసి వచ్చినవారు ఈ రెండింటి మధ్య చిక్కుకొని ఎక్కువగా నష్టపోయారు.

నేపథ్యం

విహార నౌకలో వేలాది మంది ఒకే చోట భోజనం చేస్తూ, ఒకే కప్పు కింద రోజుల తరబడి గడుపుతారు. అందువల్ల శ్వాసకోశ వ్యాధులు నౌకలో త్వరగా వ్యాపిస్తాయి. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో నిలిపివేయబడిన డైమండ్ ప్రిన్సెస్ నౌక ఇందుకు తొలి పెద్ద ఉదాహరణ. అందులోని 3,711 మంది యాత్రికులు, సిబ్బందిలో 712 మందికి వ్యాధి సోకింది. ఆ నౌకలో 138 మంది భారతీయులు ఉండగా, వారిలో అత్యధికులు నౌకా సిబ్బందే. 2020 ఫిబ్రవరి 27న 119 మంది భారతీయులను ఎయిర్ ఇండియా ప్రత్యేక విమానంలో ఢిల్లీకి తీసుకొని వచ్చారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్-19ను మహమ్మారిగా పేర్కొంది. మార్చి 14న అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాలు (సి.డి.సి.) తమ దేశ జలాలలో విహార నౌకల ప్రయాణాన్ని నిలిపివేస్తూ ఉత్తర్వు జారీ చేశాయి. పలుమార్లు పొడిగించబడిన ఈ ఉత్తర్వు 2020 అక్టోబరు చివరి వరకు అమలులో ఉంది. దాని స్థానంలో 2020 అక్టోబరు 30న షరతులతో కూడిన ప్రయాణ ఉత్తర్వు వచ్చింది. అమెరికా రేవు నుండి టికెట్టు కొన్న యాత్రికులతో నౌక తిరిగి బయలుదేరింది 2021 జూన్ 26న. ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ నుండి వెళ్ళిన సెలబ్రిటీ ఎడ్జ్ ఆ నౌక. అంటే అక్కడ విహార నౌకలు సుమారు 15 నెలలపాటు యాత్రికులు లేకుండా నిలిచిపోయాయి.

టికెట్టు ఒప్పందం

విహార నౌక టికెట్టు రైలు టికెట్టు వంటిది కాదు. యాత్రకు చాలా నెలల ముందే బయానా చెల్లించి గదిని నిలుపుకోవాలి. మిగిలిన సొమ్మును సాధారణంగా బయలుదేరే తేదీకి మూడు నెలల ముందు చెల్లించాలి. ఆ తరువాత యాత్రికుడు తనంతట తాను మానుకుంటే రద్దు రుసుము పడుతుంది. తేదీ దగ్గరపడిన కొద్దీ ఈ రుసుము మెట్లు మెట్లుగా పెరుగుతుంది. మొదట బయానా మాత్రమే పోతుంది. తరువాత టికెట్టులో సగం, ఆపైన ముప్పాతిక వంతు పోతాయి. చివరి రోజులలో మొత్తం పోతుంది. యాత్ర జరగనందున రేవులకు కట్టనక్కరలేని పన్నులను మాత్రం సాధారణంగా తిరిగి ఇస్తారు.

ఈ ఒప్పందం ప్రకారం రద్దు మూడు విధాలుగా జరుగుతుంది.

* కంపెనీయే యాత్రను రద్దు చేయడం: ఇందులో యాత్రికుడికి పూర్తి సొమ్ము వాపసు కోరే హక్కు బలంగా ఉంటుంది.
* యాత్రికుడు స్వయంగా మానుకోవడం: ఇందులో పైన చెప్పిన రద్దు రుసుము వర్తిస్తుంది.
* యాత్ర జరుగుతున్నప్పటికీ యాత్రికుడిని నౌక ఎక్కనివ్వకపోవడం: పరీక్షలో వ్యాధి ఉన్నట్లు తేలినా, పరీక్షాపత్రం గడువు దాటినా ఇలా జరుగుతుంది. ఒప్పందాలలో అస్పష్టంగా ఉన్నది ఈ మూడవ భాగమే.

కంపెనీ రద్దు చేసే వరకు వేచి ఉన్నవారికి పూర్తి సొమ్ము రాగా, భయపడి కొన్ని రోజుల ముందే మానుకున్నవారు రుసుము పోగొట్టుకున్న సందర్భాలు 2020 మార్చిలో ఏర్పడ్డాయి. అందువల్ల పలు కంపెనీలు ఆ నెలలో తమ రద్దు నియమాలను తాత్కాలికంగా సడలించాయి.

తరువాతి యాత్రకు జమ

యాత్రలు రద్దయినప్పుడు పలు కంపెనీలు యాత్రికులకు రెండు మార్గాలు చూపాయి. మొదటిది నగదు వాపసు. రెండవది ఆ సొమ్మును తరువాతి యాత్రకు జమ కట్టించుకోవడం. జమను ఎంచుకున్నవారికి కొన్ని కంపెనీలు చెల్లించిన సొమ్ముకు 125 శాతం విలువ ఇచ్చాయి. అనగా 2,00,000 రూపాయలు చెల్లించినవారికి 2,50,000 రూపాయల విలువగల జమ లభిస్తుంది. పైకి లాభంగా కనిపించే ఈ పద్ధతిలో మూడు ఇబ్బందులు ఉన్నాయి. జమను నిర్ణీత గడువులోగా వాడుకోవాలి. అప్పటికి టికెట్టు ధరలు పెరిగి ఉండవచ్చు. కంపెనీ మూతపడితే జమకు విలువ ఉండకపోవచ్చు.

ఈ మూడవది ఊహ మాత్రమే కాదు. బ్రిటన్‌కు చెందిన క్రూయిజ్ అండ్ మారిటైమ్ వాయేజెస్ 2020 జూలైలో దివాలా తీసింది. జెంటింగ్ హాంకాంగ్ సంస్థ 2022 జనవరిలో కుప్పకూలగా, దాని అధీనంలోని క్రిస్టల్ క్రూయిజెస్ కూడా నిలిచిపోయింది. ఇంధనం బకాయిల కేసులో మయామీలో జప్తు ఉత్తర్వు వెలువడడంతో క్రిస్టల్ సింఫనీ నౌక ఆ రేవుకు రాకుండా యాత్రికులతో సహా బహామాస్‌లోని బిమినీకి మళ్ళింది. క్రిస్టల్ పేరును, రెండు నౌకలను తరువాత వేరొక సంస్థ కొనుగోలు చేసింది.

వివిధ దేశాల చట్టాలు

అమెరికా: అమెరికా రేవుల నుండి 50 లేదా అంతకంటే ఎక్కువ పడకలతో యాత్రికులను తీసుకొని వెళ్ళే నౌకల యజమానులు, యాత్ర జరపలేకపోతే సొమ్ము తిరిగి ఇవ్వగలమని ఆర్థిక హామీ చూపాలి. ఇది 1966 నాటి చట్టం. దీనిని ఫెడరల్ మారిటైమ్ కమిషన్ అమలు చేస్తుంది. అయితే ఎప్పుడు యాత్ర జరగనట్లు భావించాలో నిబంధనలలో స్పష్టంగా లేదు. ఫిర్యాదులు పెరగడంతో కమిషన్ 2020 ఏప్రిల్‌లో విచారణ ప్రారంభించింది. దాని ఫలితంగా 2022లో కొత్త నిబంధన వచ్చింది. కంపెనీ యాత్రను రద్దు చేసినా, లేదా మూడు రోజులు, అంతకు మించి ఆలస్యం అయినందున యాత్రికుడు వెళ్ళడానికి ఇష్టపడకపోయినా పూర్తి సొమ్ము వాపసు కోరవచ్చు. అయితే యాత్ర సకాలంలో బయలుదేరి, వ్యాధి వల్లనో భయం వల్లనో వెళ్ళలేనివారికి ఈ నిబంధన వర్తించదు.

బ్రిటన్, ఐరోపా సమాఖ్య: ఇక్కడ విహార నౌకా యాత్రను సాధారణంగా రవాణా, బస కలిసిన ప్యాకేజీ యాత్రగా పరిగణిస్తారు. నిర్వాహకుడు రద్దు చేస్తే 14 రోజులలోగా సొమ్ము తిరిగి ఇవ్వాలి. యాత్రాస్థలంలో అనివార్యమైన అసాధారణ పరిస్థితులు ఏర్పడినప్పుడు యాత్రికుడు కూడా రుసుము లేకుండా రద్దు చేసుకోవచ్చు. మహమ్మారి కాలంలో ఒకేసారి లక్షల మంది వాపసు కోరినందున ఈ 14 రోజుల గడువు చాలాచోట్ల అమలు కాలేదు.

ప్రభుత్వ సలహా విలువ ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క విధంగా ఉంది. 2020 జూలైలో బ్రిటన్ విదేశాంగ శాఖ విహార నౌకా యాత్రలు వద్దని సలహా ఇచ్చింది. అటువంటి సలహా అక్కడి ప్యాకేజీ యాత్రికుల వాదనకు బలమవుతుంది. 2021 డిసెంబరు 30న సి.డి.సి. కూడా, టీకా వేసుకున్నవారైనా విహార నౌకలు ఎక్కవద్దని అత్యున్నత స్థాయి హెచ్చరిక ఇచ్చింది. అయితే నౌకలు ఆగలేదు. కనుక ఆ హెచ్చరికను పాటించి మానుకున్నవారికి సొమ్ము తిరిగి ఇవ్వడం కంపెనీ నియమాల మీదనే ఆధారపడింది. ఈ హెచ్చరికను 2022 మార్చి 30న పూర్తిగా తొలగించారు.

పరీక్షా నిబంధనల మార్పులు

అమెరికాకు సంబంధించిన ముఖ్యమైన మార్పులు ఇవి.

* 2021 జనవరి 26: విదేశాల నుండి విమానంలో వచ్చేవారు బయలుదేరడానికి ముందు 3 రోజులలోపు పరీక్ష చేయించుకొని, వ్యాధి లేదన్న పత్రం చూపాలి.
* 2021 సెప్టెంబరు: టీకా వేసుకున్న నౌకా యాత్రికులకు పలు కంపెనీలు పరీక్ష గడువును 3 రోజుల నుండి 2 రోజులకు తగ్గించాయి.
* 2021 డిసెంబరు 6: ఒమిక్రాన్ రకం బయటపడిన తరువాత విమాన ప్రయాణికుల గడువును ఒక్క రోజుకు కుదించారు.
* 2022 జనవరి 15: విహార నౌకల షరతుల ఉత్తర్వు గడువు ముగిసింది. దాని స్థానంలో కంపెనీలు స్వచ్ఛందంగా చేరే పద్ధతి వచ్చింది.
* 2022 జూన్ 12: విమాన ప్రయాణానికి ముందు పరీక్ష నిబంధనను ఎత్తివేశారు.
* 2022 జూలై 18: విహార నౌకల ప్రత్యేక కోవిడ్ కార్యక్రమాన్ని సి.డి.సి. ముగించింది. అప్పటి నుండి నియమాలు కంపెనీల నిర్ణయానికి, నౌక చేరే దేశాల చట్టాలకు లోబడి ఉన్నాయి.

గడువును లెక్కించే పద్ధతి కూడా అందరికీ ఒకటి కాదు. అమెరికా నిబంధనలో గంటలు కాక క్యాలెండరు రోజులు లెక్క. 10వ తేదీ రాత్రి విమానం ఉన్నవారు 9వ తేదీ ఉదయం పరీక్ష చేయించుకొన్నా చెల్లుతుంది. భారత ప్రభుత్వం కోరిన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షకు 72 గంటల గడువు ఉండేది. ఒకే ప్రయాణంలో రెండు లెక్కలు ఎదురైనప్పుడు ఒక దేశానికి చెల్లిన పత్రం మరొక దేశానికి చెల్లకపోయేది.

పరీక్షలో వ్యాధి తేలినప్పుడు

నౌక ఎక్కడానికి ముందు వ్యాధి ఉన్నట్లు తేలినవారికి 2021, 2022లలో పలు కంపెనీలు సొమ్ము వాపసు గానీ జమ గానీ ఇచ్చాయి. ఇందుకు గుర్తింపు పొందిన పరీక్షాకేంద్రం ఇచ్చిన పత్రం అవసరమయ్యేది. ఒకే గదిలోని భార్యకో భర్తకో వ్యాధి తేలితే రెండవవారికి కూడా ఇదే వర్తిస్తుందా అన్నది కంపెనీని బట్టి మారేది. యాత్రికులు విడిగా కొనుక్కున్న విమాన టికెట్టు, హోటలు గది ఖర్చులు సాధారణంగా ఇందులోకి రావు. విదేశంలో వ్యాధి తేలితే తిరుగు ప్రయాణం ఆగిపోయి, అక్కడి బస ఖర్చు కూడా మీద పడేది.

ప్రయాణ బీమా కొంత మేరకే ఆదుకుంది. చాలా పాలసీలు వ్యాధి సోకితే పరిహారం ఇచ్చినా, వ్యాధి భయంతో మానుకుంటే ఇవ్వలేదు. ఏ కారణంతోనైనా రద్దు చేసుకోవచ్చనే పాలసీలు అమెరికాలో ఉన్నప్పటికీ, అవి సాధారణంగా ఖర్చులో 50 నుండి 75 శాతం మాత్రమే ఇస్తాయి.

భారతదేశంలో

భారత ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 14 నుండి గుర్తించిన దేశాల ప్రయాణికులకు పరీక్షాపత్రానికి బదులు టీకా పత్రాన్ని అనుమతించింది. ఎయిర్ సువిధ పేరుతో నింపవలసిన స్వీయ ప్రకటనను 2022 నవంబరు 22 నుండి నిలిపివేసింది.

స్వదేశీ యాత్రలలో కార్డీలియా నౌక ఉదంతం చెప్పుకోదగినది. 2022 జనవరి మొదట్లో ముంబై నుండి గోవాకు చేరిన ఈ నౌకలో 66 మందికి వ్యాధి ఉన్నట్లు తేలింది. నౌకను తిరిగి ముంబైకి పంపించారు. అదే సంస్థ 2022 జూన్‌లో విశాఖపట్నం నుండి పుదుచ్చేరి, చెన్నై దిశగా యాత్రలు ప్రారంభించింది.

విమాన టికెట్ల విషయంలో సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న తీర్పు ఇచ్చింది. లాక్‌డౌన్ కాలంలో, ఆ కాలపు ప్రయాణానికే టికెట్లు కొన్నవారికి పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. అంతకు ముందు కొన్నవారికి, కంపెనీ వెంటనే చెల్లించలేకపోతే, 2021 మార్చి 31 వరకు వాడుకోగల జమ ఇవ్వవచ్చని, ఆ జమ విలువ నెలనెలా పెరగాలని చెప్పింది. ఇది విమానాలకు సంబంధించిన తీర్పే అయినా, జమ పేరుతో యాత్రికుడి సొమ్మును నిరవధికంగా ఉంచుకోరాదన్న సూత్రం ఇందులో ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదిదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు.

తెలుగువారి ప్రయాణాలు

అమెరికాలో స్థిరపడిన పిల్లల వద్దకు వెళ్ళే తెలుగు తల్లిదండ్రులు ఈ మార్పుల ప్రభావానికి లోనైనవారిలో ఉన్నారు. 2021 మే 4 నుండి భారతదేశం నుండి వెళ్ళేవారిపై అమెరికా విధించిన ఆంక్షలు నవంబరు 8న తొలగిపోయాయి. ఆ తరువాత నెల తిరగకముందే పరీక్ష గడువు ఒక్క రోజుకు తగ్గింది. హైదరాబాదు విమానాశ్రయానికి దూరంగా ఉన్న ఊళ్ళవారు ముందురోజే నగరానికి చేరి పరీక్ష చేయించుకొని, ఫలితం కోసం ఎదురుచూడవలసి వచ్చింది. పిల్లలు తల్లిదండ్రులను విహార నౌకా యాత్రకు తీసుకొని వెళ్ళాలనుకున్నచోట విమానానికి ఒక పరీక్ష, నౌకకు మరొక పరీక్ష అవసరమయ్యేవి. ఏ ఒక్కటి తప్పినా మిగిలిన టికెట్ల సొమ్ము ప్రశ్నార్థకమయ్యేది.

యాత్రికులు గమనించవలసినవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్-19 అత్యవసర పరిస్థితి ముగిసినట్లు ప్రకటించింది. అయితే ఈ కాలపు అనుభవం ఇతర వ్యాధులకు, తుఫానులకు, యుద్ధాలకు కూడా వర్తిస్తుంది.

* కంపెనీ రద్దుకు, స్వంత రద్దుకు, నౌక ఎక్కనివ్వకపోవడానికి గల నియమాలను టికెట్టు కొనే ముందే విడివిడిగా చదవాలి.
* చివరి చెల్లింపు తేదీని, రద్దు రుసుము పెరిగే తేదీలను రాసి ఉంచుకోవాలి.
* జమకు అంగీకరించే ముందు దాని గడువును, వాడుకోకపోతే నగదుగా మారుతుందా లేదా అన్నదానిని తెలుసుకోవాలి. ఒకసారి జమకు అంగీకరిస్తే నగదు కోరే అవకాశం పోవచ్చు.
* ఏజెంటు ద్వారా కొన్నప్పుడు సొమ్ము ఎవరి ఖాతాకు తిరిగి వస్తుందో రాతపూర్వకంగా తీసుకోవాలి.
* క్రెడిట్ కార్డుతో చెల్లిస్తే, అందని సేవకు సంబంధించి బ్యాంకు వద్ద అభ్యంతరం తెలిపే వీలు ఉంటుంది. ఇందుకు కూడా గడువు ఉంటుంది.