పాఠశాలయు, ఆటిజముగల బాలికయు

పిలిచినగాని పలుకక, పాఠము తప్పక అప్పగించు బాలికను మన ఉపాధ్యాయులు బుద్ధిమంతురాలని మెచ్చుకొందురు. ఆ బాలికయే ఇల్లు చేరినంతనే పుస్తకముల సంచి విసరివైచి, తలుపు మూసికొని వెక్కివెక్కి యేడ్చును. కారణ మడిగిన చెప్పలేదు. నెమ్మదిగా నుండు పిల్లలందరును ఇట్టివారని మేమనము, నిర్ణయింపవలసినవారు నిపుణులు. కాని ఇట్టి బాలికలలో ఆటిజముగలవారు కొందఱుండగా, వారు ఎవరి కంటను బడకయే చదువు ముగించుచున్నారు.

ఈ పొరపాటు పాతది. 1943లో అమెరికాలో లియో కానర్ వర్ణించిన 11 మంది పిల్లలలో బాలికలు మువ్వురే. మరుసటి యేట వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ వర్ణించిన నలువురును బాలురే. నలుగురు బాలురకు బాలిక యొకతె యని చిరకాలము లెక్క చెప్పిరి. 2017లో 54 పరిశోధనలను సమీక్షించినవారు ఆ నలుగురు ముగ్గురికి సమీపమని తేల్చిరి. గుర్తింపబడని బాలికలు పెక్కుమంది కలరనిరి.

ఏల గుర్తింపబడరు? వీరిలో అనేకులు తోడివారి మాటను, నవ్వును, చూపును అనుకరించి తమ యిబ్బందిని మఱుగుపఱచుకొందురు. ఆడపిల్ల యణగియుండవలెనను మన మర్యాద ఆ మఱుగునకు తోడ్పడును. దినమంతయు వేషముతో నిలిచినవారికి అలసట తప్పునా? ఆ అలసటయే క్రమముగా దిగులై, బడియన్న భయమై పరిణమించును.

మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును 21 వైకల్యములలో జేర్చినది. 40 శాతమునకు తగ్గని వైకల్యముగల పిల్లలకు 6 మొదలు 18 యేండ్లవరకు ఉచిత విద్య హక్కైనది. అయినను, గుర్తింపబడని బాలికకు చట్టమేమి చేయగలదు?

పాఠశాల చేయదగిన సాయమునకు ధనము విశేషముగా నక్కరలేదు. దినక్రమములో మార్పున్నచో ముందుగా దెలుపవలెను. చేయవలసిన పనులను ఒక్కొక్కటిగా బోర్డుపై వ్రాయవలెను. కోలాహలము భరింపరానపుడు కొంతసేపు కూర్చుండుటకు నిశ్శబ్దమైన చోటు చూపవలెను. కన్నులలోనికి చూచి మాటాడుమని నిర్బంధింపరాదు. రజస్వల కాకమునుపే శరీరమున గలుగు మార్పులను ఉపాధ్యాయినియో, తల్లియో తేట మాటలతో విశదపఱుపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. ఇంట బిడ్డ తల్లడిల్లుచున్నదని తల్లి వచ్చి మొఱపెట్టుకొన్నపుడు, “బడిలో బాగుగనే యున్నదమ్మా” యని పంపివేయవలదని ఉపాధ్యాయులకు మేము మనవి చేయుచున్నాము. తల్లి మాటయు నిజమే, వారి మాటయు నిజమే. ఆ రెండింటిని కలిపి చదివిననాడే ఆ బాలిక కష్టము బోధపడును.