మతి తడబడినప్పుడు: సేద్యగాడు తెలిసికొనవలసిన సంగతులు



ఎద్దు నెమరు వేయుట మానినచో దానికేదో జబ్బు చేసినదని మీరు వెంటనే గుర్తింతురు. ఆకు పసుపుబారినచో వేరును, నేలను పరీక్షింతురు. కాని పొలములో పనిచేయు మనిషి ఉన్నట్టుండి పొంతన లేని మాటలాడినచో మాత్రము, “తాగి వచ్చినాడు” అనియో, “గాలి సోకినది” అనియో అనుకొని ఊరకుండుట కద్దు. ఇందువలన విలువైన సమయము పోవును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును.

మతి తడబాటు తనంతట తానొక జబ్బు కాదు. లోపల దాగియున్న జబ్బును బయటపెట్టు గుర్తు. మన శరీరపు బరువులో మెదడు నూటికి 2 వంతులు మాత్రమే. అయినను శరీరము వాడుకొను ప్రాణవాయువులో సుమారు నూటికి 20 వంతులు దానికే కావలెను. చక్కెరను గాని, ప్రాణవాయువును గాని మెదడు తగినంతగా నిలువచేసికొనలేదు. అందుచేత రక్తములో చక్కెర తగ్గినను, ఒంటి వేడి మితిమీరినను, విషము లోనికి పోయినను ఆ లోపము మొట్టమొదట మాటలో, నడతలో కనబడవచ్చును.

గుర్తించుట ఎట్లు?

మనిషిని నాలుగు ప్రశ్నలడుగుడు. నీ పేరేమి? ఇది ఏ చోటు? ఈ దినము ఏ వారము? ఇప్పుడేమి పని చేయుచున్నావు? వీనికి తప్పుడు జవాబులు చెప్పినను, అడిగినది వినక వేరొకటి పలికినను మతి తడబడినదనుకొనవలెను. ఎప్పుడును చలాకీగా నుండు మనిషి మాటాడక మగతగా కూర్చుండిపోవుటయు ఇట్టి గుర్తే. కేకలు వేయువానిని అందరును చూతురు; మౌనముగా జోగువానిని ఎవరును పట్టించుకొనరు. ముసలితనపు మతిమరపు ఏండ్ల తరబడి మెల్లగా వచ్చును. గంటలలో గాని, ఒకటి రెండు దినములలో గాని వచ్చిన తడబాటు వేరు. అది తక్షణము వైద్యము కోరునది.

వడదెబ్బ

మండుటెండలో పనిచేయుచున్న మనిషికి మతి తప్పి, ఒళ్ళు కాలిపోవుచున్నచో వడదెబ్బగా భావింపవలెను. అప్పటికి ఒంటి వేడి సాధారణముగా 40 సెంటిగ్రేడు డిగ్రీలు, అనగా 104 ఫారన్‌హీటు డిగ్రీలు దాటియుండును. చెమట పట్టుచున్నది గదా, భయము లేదని అనుకొనరాదు. కష్టపడి పనిచేయువారికి చెమట పట్టుచుండగనే వడదెబ్బ తగులవచ్చును. ఇట్టి సమయమున వేడిని దించుటయే మొదటి చికిత్స. నీడకు చేర్చి, బట్టలు సడలించి, ఒళ్ళంతయు చల్లని నీటితో తడిపి, విడువక విసరవలెను. బండి వచ్చువరకు, బండిలో పోవునప్పుడు కూడ ఈ పని ఆపరాదు. జ్వరపు మాత్రలు దీనికి పనిచేయవు.

పురుగుమందు విషము

పురుగుమందు నోటిలో పడితేనే విషమనుకొనుట పొరపాటు. చర్మము ద్వారా, ఊపిరి ద్వారా కూడ అది లోనికి పోవును. భాస్వరపు సంబంధమైన పురుగుమందులు నరముల పనిని చక్కబెట్టు ఒక ఎంజైమును అణచివేయును. అప్పుడు చెమట, సొంగ, కన్నీరు ఆగక కారును. కంటిపాప సూదిమొనవలె చిన్నదగును. వాంతులు, కండరముల అదురు, ఆయాసము కలుగును. వీనితోపాటు మతియు తడబడును.

తడిసిన బట్టలు వెంటనే తీసివేసి, సబ్బుతో, ధారాళమైన నీటితో ఒళ్ళు కడుగవలెను. కడుగువారు చేతులకు తొడుగులు గాని, ప్లాస్టిక్ సంచులు గాని తొడుగుకొనవలెను. వాంతి చేయించుటకు ప్రయత్నింపరాదు. మందు డబ్బాను గాని, దాని చీటీని గాని ఆసుపత్రికి తీసికొని పోవలెను; అది చూచినచో డాక్టరుకు చికిత్స నిర్ణయించుట సులభమగును. దీనికి అట్రోపిన్ అను ఇంజెక్షను ఇత్తురు.

ఉమ్మెత్తకాయ తిన్నవారికి కూడ మతి చెడును. కాని వారికి నోరు ఎండిపోవును, కంటిపాప పెద్దదగును. ఉమ్మెత్తలో అట్రోపిన్ ఉన్నదని విని, పురుగుమందుకు దానిని విరుగుడుగా ఇచ్చుట ప్రాణాపాయము. ఎంత మోతాదు ఇయ్యవలెనో డాక్టరే నిర్ణయింపవలెను.

1958లో కేరళలో పారాథియాన్ అను పురుగుమందు ఓడలో గోధుమపిండికి తగులుటవలన వందమందికి పైగా మరణించిరి. ఆ ఘోరము తరువాతనే 1968లో పురుగుమందుల చట్టము వచ్చినది. ధాన్యమున్న గదిలో మందు డబ్బా ఉంచరాదనుటకు ఇంతకన్న వేరు నిదర్శనమేల?

చక్కెర తగ్గుట

మధుమేహమునకు ఇన్సులిను గాని, కొన్ని మాత్రలు గాని వాడువారు, పొద్దున మందు వేసికొని, అన్నము తినక పొలము పోయినచో రక్తములో చక్కెర పడిపోవచ్చును. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకన్న తగ్గినచో అది తక్కువయని అర్థము. చేతులు వణకును, చల్లని చెమట పట్టును, మాట తడబడును, కారణము లేకయే కోపము వచ్చును. మింగగలిగిన స్థితిలో ఉన్నచో మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగింపవలెను. పావుగంటలో తెప్పరిల్లకున్న మరల ఇయ్యవలెను. తెప్పరిల్లిన తరువాత అన్నము పెట్టవలెను.

ఇంటిలోని పెద్దలు

జ్వరములో వచ్చు “సంధి మాటలు” మన పెద్దలెరిగినవే. వృద్ధులలో ఒక్కొక్కప్పుడు జ్వరము పెద్దగా లేకయే మూత్రపు జబ్బు గాని, ఊపిరితిత్తుల వాపు గాని సంధి పుట్టించును. ఉదయము బాగుండి రాత్రికి పెచ్చు పెరుగుట దీని స్వభావము. మూతి ఒకవైపునకు లాగినను, ఒక చేయి పడిపోయినను అది పక్షవాతము కావచ్చును. రక్తపు గడ్డను కరిగించు మందు సాధారణముగా తొలి నాలుగున్నర గంటలలోపలనే ఇత్తురు. కావున గంట గంటయు విలువైనదే.

చేయవలసినవి, చేయరానివి

కారణమేదైనను 108కు ఫోను చేయవలెను. రోగిని ఒంటరిగా విడువరాదు. మగతగా ఉన్నవానిని ప్రక్కకు తిప్పి పండుకొనబెట్టవలెను. అట్టివాని నోటిలో నీరు, మజ్జిగ, కషాయము ఏదియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. సారా వాసన వచ్చినంతమాత్రమున తక్కిన కారణములు లేవని నిశ్చయింపరాదు. తాగినవానికి కూడ వడదెబ్బ తగులును. తడబాటు ఎప్పుడు మొదలైనది, ఏమి తిన్నాడు, ఏ మందు చల్లినాడు, ఏ మాత్రలు వాడుచున్నాడు అను నాలుగు సంగతులు డాక్టరుకు చెప్పవలెను.

మందు చల్లునప్పుడు ఒక్కరే పోక, కనీసము ఇద్దరు కలిసి పొండు. గాలికి ఎదురుగా చల్లకుడు. ఎండ ముదురకముందే పని ముగించుడు. మధ్య మధ్య ఒకరినొకరు పలుకరించుకొనుచుండుడు. మతి తప్పినవానికి తన మతి తప్పినదని సాధారణముగా తెలియదు. ఆ సంగతి తెలియవలసినది ప్రక్కనున్నవానికే.