జపాన్ ప్యాడ్‌కు డప్పు గొంతు

మేడ్చల్‌లో ఫంక్షన్ హాల్ ముందు బారాత్ కదిలిందంటే ప్యాడ్ మోగాల్సిందే. ఎనిమిది రబ్బరు పలకల పెట్టె మీద రెండు కర్రలు ఆడితే చాలు, తీన్‌మార్ దుమ్ము లేస్తుంది.

ఈ పెట్టె పుట్టిల్లు జపాన్. 1985లో రోలాండ్ కంపెనీ తెచ్చిన తొలి ఆక్టోప్యాడ్‌కు సొంత గొంతే లేదు. ఏ పలక మీద ఎంత గట్టిగా దెబ్బ పడిందో అంకెల్లోకి మార్చి, తీగ ద్వారా మరో వాయిద్యానికి అందించడమే దాని పని. ఆ అంకెల భాష 1983లో వచ్చిన మిడి. దాని వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక దెబ్బ కబురు చేరడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది.

తర్వాతి తరాలకు గొంతు వచ్చింది. మన బ్యాండ్లకు బాగా అలవాటైన ఎస్‌పీడీ-20లో 700 టోన్లున్నాయి. అయితే అవన్నీ కంపెనీ చిప్‌లో ఎక్కించి పంపినవే. మన డప్పును రికార్డు చేసి అందులో పెట్టే వీల్లేదు. అందుకే ప్యాడ్ ప్లేయర్లు ఉన్న టోన్లకే శ్రుతి మార్చి, మోత కుదించి తీన్‌మార్ ప్యాచ్‌లు (ధ్వని అమరికలు) కట్టుకున్నారు. చెవే కొలబద్దగా సాగిన ఇంజినీరింగ్ ఇది.

ఓపెన్ సోర్స్ దారి వేరు. అలెస్సాండ్రో కొమిను మొదలుపెట్టిన హైడ్రోజన్ అనే డ్రమ్ సాఫ్ట్‌వేర్ కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. అందులో డ్రమ్ కిట్ అంటే కొన్ని ఆడియో ఫైళ్లు, వాటిని వరసపెట్టే ఒక టెక్స్ట్ ఫైలు. డప్పును మెల్లగా, గట్టిగా కొట్టి విడివిడిగా రికార్డు చేస్తే, దెబ్బ బలాన్ని బట్టి తగిన ధ్వని పలుకుతుంది.

చిక్కల్లా ఆలస్యంతోనే. కంప్యూటర్ ధ్వనిని విడతలుగా పంపుతుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల (ధ్వని కొలతల) లెక్కన 256 శాంపిళ్ల విడతకు 5.3 మిల్లీసెకన్లు, 1,024కు 21. అంత ఆలస్యం చేతికి తెలిసిపోతుంది. విడత మరీ చిన్నదైతే ప్రాసెసర్ అందుకోలేక శబ్దం తెగుతుంది. దుమ్ములో, జనరేటర్ కరెంటు మీద సాగే ఊరేగింపులో పెట్టెదే పైచేయి.

కానీ ఎస్‌పీడీ-20కీ మిడి అవుట్ ఉంది. దాన్ని యూఎస్‌బీ మిడి తీగతో హైడ్రోజన్ ఉన్న ల్యాప్‌టాప్‌కు కలిపితే కొట్టేది పాత రబ్బరు మీదే, పలికేది మన డప్పు. మేడ్చల్‌కు దగ్గర్లోని శామీర్‌పేటలో 2008 నుంచి బిట్స్ పిలానీ ప్రాంగణముంది. కోడ్ రాసేవాళ్లకూ ప్యాడ్ వాయించేవాళ్లకూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. అందరికీ పనికొచ్చే డప్పు కిట్ కట్టాలంటే ముందుగా కావలసినవి మూడు: మంట మీద కాచిన డప్పు దెబ్బల శుభ్రమైన రికార్డింగు, వాయించిన కళాకారుడి పేరు, అందరూ వాడుకోవచ్చని ఆయన ఇచ్చే అనుమతి.