కార్ల్ చెర్నీ: బీథోవెన్ శిష్యుడు, లిస్ట్ గురువు

పాశ్చాత్య సంగీతమున పియానో నేర్చుకొనువారెవ్వరైనను కార్ల్ చెర్నీ పేరు వినక తప్పదు. మన పిల్లలకు సరళీ స్వరములు, జంట స్వరములు, అలంకారములు ఎట్టివో, వారికి చెర్నీ అభ్యాసములు అట్టివి. అయితే ఆ పేరు చెవిని బడినంతనే విసుగుకొను విద్యార్థులు పెక్కుమంది. వ్రేళ్లు నొచ్చునట్లు సాధన చేయించు కఠినోపాధ్యాయుడుగనే లోకము ఆయనను తలంచుచున్నది. కాని ఆయన జీవితమును పరిశీలించినచో, ఒక తరమువారి సంగీతమును చెడకుండ మఱియొక తరమున కందించిన గురువు మనకు గోచరించును.

చెర్నీ 1791 ఫిబ్రవరి 21వ తేదీన వియన్నా నగరమున జన్మించెను. ఆయనది చెక్ కుటుంబము. తండ్రి వెంట్సెల్ పియానో నేర్పుచు జీవించువాడు. కుమారునకు తొలి గురువు ఆయనయే. బాలునకు సుమారు 10 ఏండ్ల ప్రాయమున, కుటుంబమిత్రుడగు క్రుంఫోల్ట్స్ అను వయొలిన్ విద్వాంసుడు అతనిని బీథోవెన్ కడకు గొనిపోయెను. బాలుడు మొదట మొజార్ట్ కంచెర్టో నొకదానిని, పిమ్మట బీథోవెన్ రచించిన ‘పతెతీక్’ సొనాటాను వాయించెను. బీథోవెన్ సంతసించి అతనిని శిష్యునిగా స్వీకరించెను.

అంతటి మహావిద్వాంసుడు తొలి పాఠములలో నేర్పినవి పెద్ద రచనలు కావు. స్వరావళులు, చేతుల నిలుకడ, బొటనవ్రేలి ప్రయోగము. తరువాత ఒక స్వరము తెగకుండ వేఱొక స్వరముతో కలిసి సాగునట్లు వాయించుటను పట్టుదలతో అభ్యసింపజేసెను. పునాది గట్టిపడనిదే భావము నిలువదను పాఠమును చెర్నీ అచటనే గ్రహించెను.

1812లో బీథోవెన్ ‘ఎంపరర్’ కంచెర్టోను వియన్నాలో మొదట వాయించినవాడు చెర్నీయే. అయినను ఆయన సభలవెంట తిరుగు జీవితమును కోరలేదు. 15 ఏండ్ల వయస్సుననే బోధన నారంభించి, 1836 వరకును దినమునకు 10, 12 గంటలు పాఠములు చెప్పుచుండెను.

1816లో జరిగిన యొక సంఘటన చెప్పదగినది. బీథోవెన్ రచించిన పంచవాద్య రచన నొకదానిని సభలో వాయించుచు, చెర్నీ యౌవనోత్సాహముచే తన నేర్పు చూపుటకై మూలములో లేని మార్పులు కొన్ని చేసెను. బీథోవెన్ అందఱియెదుట ఆయనను మందలించెను. మరునాడు నొచ్చుకొని, క్షమింపుమని లేఖ వ్రాసెను. అయినను రచయిత తన రచనను వ్రాసినది వ్రాసినట్లుగనే వినగోరునని అందు తెలిపెను. మార్పులు చేయు కోరిక ఆ లేఖతో తనకు తీరిపోయెనని చెర్నీ పిమ్మట చెప్పుకొనెను.

1819లో హంగరీ దేశమునుండి ఆడం లిస్ట్ అనునాతడు తన చిన్న కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. పాలిపోయిన ముఖము, దుర్బలశరీరము, వాయించునపుడు పీఠముపై తూలుచుండు అలవాటు; ఏ వ్రేలు ఏ మెట్టుపై నుంచవలెనో యెఱుగడు. కాని ప్రకృతి యిచ్చిన ప్రతిభను చూచి చెర్నీ ఆశ్చర్యపడెను. ఆ ఫ్రాంజ్ లిస్ట్‌ను తరువాత శిష్యునిగా జేర్చుకొని, స్వరావళులను, కాలప్రమాణమును మొదటినుండి దిద్దెను. అందులకు రుసుము పుచ్చుకొనలేదు. పియానో వాదనమున ఐరోపానంతటిని మోహపఱచిన లిస్ట్ ఆ ఋణమును మఱువలేదు. 1852లో ప్రకటించిన తన పన్నెండు మహాభ్యాసములను గురువునకే అంకితము చేసెను.

చెర్నీ రచనల సంఖ్య 861. వానిలో అభ్యాసములే కాక సింఫనీలు, సొనాటాలు, చర్చి సంగీతమును గలవు. బీథోవెన్ పియానో రచనల నెట్లు వాయించవలెనో తాను స్వయముగ వినినదానిని తన పియానో బోధన గ్రంథమున వివరించెను. వాదకులు నేటికిని దానిని సంప్రదింతురు.

ఆయన వివాహమాడలేదు. 1857 జూలై 15వ తేదీన వియన్నాలో మరణించెను. ఆర్జించిన ధనము వియన్నా సంగీతమిత్ర సమాజమునకును, ధర్మసంస్థలకును చేరునట్లు ఏర్పాటు గావించెను. వానిలో బధిరుల సంస్థ యొకటి. గురువు బీథోవెన్ చెవుడుచే పడిన వేదన ఆయన యెఱుగనిది కాదు.

చెర్నీ శిష్యులలో లెషెటిట్‌స్కీ యొకడు. అతని శిష్యుడు ష్నాబెల్. బీథోవెన్ సొనాటాలు 32ను 1932-35 నడుమ మొట్టమొదట గ్రామఫోను రికార్డులపై కెక్కించినది ఈ ష్నాబెలే. ఆ రికార్డులు నేటికిని లభించుచున్నవి. వానిని వినునపుడు వాదకుని పేరు, రచయిత పేరు మనకు తెలియును. ఆ యిరువురి నడుమ దినమునకు 12 గంటలు పాఠము చెప్పిన యొక ఉపాధ్యాయుడు గలడని కూడ తలంచుకొనుట న్యాయము.