పేరంటాల కనుమ

గోదావరీ కృష్ణల డెల్టాల నడుమ పల్లపు నేలలో నిలిచిన కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు నేళ్లనుండి నీరు వచ్చి చేరుచుండగా, దానిని సముద్రమునకు గొనిపోవు త్రోవ యుప్పుటేరొక్కటియే. ఈ యేటిని గూర్చి యొక కథ కలదు. కొల్లేటికోటలోని గజపతిరాజు సరస్సునే యగడ్తగా జేసికొని నిశ్చింతగా నుండగా, కోటను ముట్టడించిన సేనాని యా నీటిని సముద్రములోనికి దింపివేయ నెంచి కాలువ త్రవ్వించెననియు, కార్యసిద్ధికై దేవతలకు తన కన్నకూతునే బలి యిచ్చెననియు, అందుచేతనే దానికి పేరంటాల కనుమ యను పేరు కలిగెననియు చెప్పుదురు. చరిత్రకారుడు దీనిని నమ్మకపోవచ్చును. నన్ను మాత్రము రెండు సందేహములు వెంటాడుచున్నవి: బిడ్డ నెత్తురు గోరిన దేవత యెట్టి దేవత? కోరనిదే యైనచో, ఆ తండ్రి చేతిని పట్టుకొని యేల యాపలేదు?

ఈ రెండవ సందేహమునే ఎపిక్యూరసు అను గ్రీకు తాత్త్వికుని పేర లోకము చెప్పుకొనుచున్నది: చెడుగును మాన్పగోరియు మాన్పలేని దేవుడు శక్తిహీనుడు, మాన్పగలిగియు మాన్పనివాడు దయాహీనుడు. మన బాదరాయణుడు బ్రహ్మసూత్రములలో నీ యాక్షేపమునే వైషమ్యము, నైర్ఘృణ్యము, అనగా పక్షపాతము, నిర్దయత్వము అను రెండు నిందలుగా నెత్తుకొని, ఈశ్వరుడు జీవుల కర్మను బట్టి ఫలమిచ్చును గావున నవి యాయనకు తగులవని సమాధానపరచెను. శంకరులు దీనికి వాన నుపమానముగా దెచ్చిరి. వాన యన్ని చేలకును సమానమే. ఒకచోట వరియు నొకచోట యవలును మొలచుటకు విత్తనములే కారణము.

ఉపమానము చక్కనిదే. కాని కొల్లేటి పల్లెవాడు విన్నచో, వాన సమానముగ గురిసినను నీరు సమానముగ నిలువదు గదా యనును. మెరకవాని వాన పల్లపువాని యింటికి వరదయై వచ్చును. సరస్సు గర్భములో వెలసిన చేపల చెరువుల గట్లు ఆ నీటి కడ్డుపడగా, 2006లో ప్రభుత్వము ఐదవ కాంటూరు లోపలి గట్లను కొట్టించవలసి వచ్చెను. ఆ గట్లు పోసినది యీ జన్మలోని మనుష్యులు. వాని మూలమున మునిగినవారి పూర్వజన్మను విచారించుటవలన నేమి లాభము?

ఇట్టి విచారణను బొత్తిగా త్రోసిపుచ్చినవాడు గోరా. ఆయన 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించెను. దైవమును నమ్మినవాడు తన్ను తాను బానిసగా నెంచుకొనునని ఆయన వాదము. 1934లో బీహారు భూకంపమును అస్పృశ్యతాపాపమునకు శిక్షగా గాంధీజీ వర్ణింపగా రవీంద్రుడంతటివాడు ప్రతిఘటించెను. అదే గాంధీజీతో, అస్పృశ్యతను రూపుమాపుటకై దేవునినే వదలుకొనిన యీ తెలుగు నాస్తికుడు తరువాత సేవాగ్రామములో స్నేహముగా వాదించెను. మనుష్యులు చేసిన చెడుగు విషయమున గోరా పక్షమే నాకు బలముగా దోచుచున్నది. కాని 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచి ముప్పదివేల మందిని పొట్టబెట్టుకొనిన యుప్పెనకు బాధ్యుడెవడు? (వోల్టేరును కలవరపెట్టిన లిస్బను భూకంపమును 1755లో నదే తేదీన వచ్చినది. ఈ కలయికకు నే నర్థము చెప్పబోను.)

మన పల్లెలు ఆస్తికులవలె దైవమును సమర్థింపను లేదు, గోరావలె నిరాకరింపను లేదు. బలియైన యాడుబిడ్డనే దైవముగా నిలుపుకొన్నవి. పేరంటాలన్న నట్టి వేల్పే. తాడేపల్లిగూడెమున కట్టే దూరము లేని పెనుగొండలో, రాజు బలవంతపు పెండ్లికి లొంగక యగ్నిప్రవేశము చేసిన వాసవి కన్యకాపరమేశ్వరియై వైశ్యుల పూజలందుకొనుచున్నది. హింసించినవాని పక్షమున గాక హింసపడినదాని పక్షమున దైవము నుంచిన యీ యూహకు సాటివచ్చు తర్కము నాకు కనబడదు. అయినను దీనిలో నొక లోపము కలదు. పసుపుకుంకుమలిచ్చి కూతురికి మ్రొక్కుచు, ఆమెను చంపిన తండ్రిని గూర్చి యడుగుట మరచితిమి.

2020 డిసెంబరులో ఏలూరు వన్‌టౌనులో మొదలై 500 మందికి పైగా జనులు మూర్ఛవచ్చి పడిపోయినప్పుడు, తొలిదినములలో కారణమెవ్వరికిని తెలియలేదు. పిదప రోగుల రక్తములో సీసము, నికెలు కలవని ఎయిమ్స్ వైద్యులు తేల్చిరి. క్రిమిసంహారక మందుల యవశేషములును అనుమానింపబడినవి. ఇది తండ్రిని గూర్చి యడుగుట వంటిదే, అడుగవలసినదే. పడినవారిలో మిక్కిలిమంది కోలుకొని యిండ్లకు జేరిరి. వారు దేవునికి మ్రొక్కులు చెల్లించిన నేను తప్పు పట్టను. కాని మరణించినవారును కలరు. విషమెట్లు వచ్చినదో ప్రయోగశాల చెప్పగలదు గాని, అందరు లేచి రాగా మావాడే యేల రాలేదని యడుగు నింటివారికి చెప్పలేదు. బాదరాయణుని సమాధానమును ఆ గడపలో నిలిచి పలుకుట నాకును చేతగాదు.